యూఏ 16+ దాటితే గోడే: సెన్సార్ సర్టిఫికెట్ అనే సేవ మీద ఒక సమీక్ష

సినిమా టికెట్ బుక్ చేస్తుంటే పేరు కింద చిన్న అక్షరాల్లో యూఏ 13+ అనో, ఏ అనో కనిపిస్తుంది కదా, ఆ గుర్తు ఇచ్చేది కేంద్ర ఫిల్మ్ సర్టిఫికేషన్ బోర్డు. 1983 జూన్ 1నే పేరులోంచి ‘సెన్సార్’ తీసేశారు గానీ ఫిల్మ్‌నగర్‌లో ఇప్పటికీ అది సెన్సార్ బోర్డే, ‘సినిమా సెన్సారైంది’ అనే అంటారు. మనమూ అలాగే అందాం.

దీన్ని ఒక సేవగా చూస్తే ఫీజు కట్టేది నిర్మాత. ఫలితం వాడుకోవాల్సింది పిల్లల్ని వెంటబెట్టుకుని థియేటర్‌కి వచ్చే కుటుంబం. ఈ ఇద్దరిలో నిర్మాతకు 2024 తర్వాత పని కొంత సులువైంది. ప్రేక్షకుడికి మాత్రం వయసు అంకె దొరికింది, కారణం దొరకలేదు. మార్కులు వేయమంటే ఐదుకి నిర్మాత వైపు నుంచి మూడు, ప్రేక్షకుడి వైపు నుంచి రెండు.

ఏ గుర్తుకి ఎంత బలం

1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద చాలాకాలం యూ (అందరూ చూడొచ్చు), ఏ (పెద్దవాళ్లకే) రెండే ఉండేవి. 1983లో యూఏ, ఎస్ చేరాయి. ఎస్ అనేది డాక్టర్ల లాంటి ప్రత్యేక వర్గాల కోసం, మామూలు ప్రేక్షకుడికి అది ఎదురే పడదు. అప్పట్లో యూఏ అంటే పన్నెండేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులు ఆలోచించి చూపించాలని. అంటే ఐదేళ్ల పాపకీ పదకొండేళ్ల బాబుకీ ఒకటే గుర్తు. 2013లో ముద్గల్ కమిటీ, 2016లో శ్యామ్ బెనెగల్ కమిటీ దీన్ని వయసుల వారీగా విడగొట్టమని చెప్పాయి. 2023 సవరణ చట్టంతో గానీ ఆ పని జరగలేదు. ఇప్పుడు యూఏలో మూడు మెట్లున్నాయి: 7+, 13+, 16+. దానికి తగ్గ కొత్త నిబంధనలు 2024 మార్చి 15న వచ్చాయి.

చాలామంది పొరపడేది ఇక్కడే. యూఏ 16+ అని ఉంటే పదహారేళ్లలోపు వాళ్లని లోపలికి రానివ్వరని అనుకుంటారు. అలాంటిదేం లేదు. మూడు యూఏ మెట్లూ తల్లిదండ్రులకిచ్చే సలహాలు మాత్రమే. ఆరేళ్ల పిల్లాణ్ణి తీసుకుని యూఏ 16+ సినిమాకి వెళ్తే గేటు దగ్గర ఆపాల్సిన బాధ్యత థియేటర్‌కి లేదు. అదే ‘ఏ’ సినిమా అయితే పద్దెనిమిది నిండనివాళ్లు అమ్మానాన్నల మధ్య కూర్చున్నా సరే, చూపించడం చట్టప్రకారం నేరం. ఆ నేరం పిల్లాడి మీదో తండ్రి మీదో పడదు, ప్రదర్శించినవాడి మీద పడుతుంది.

కాబట్టి వరసగా ఐదు మెట్లు కనిపిస్తున్నా లెక్కలోకి వచ్చేవి రెండే. యూ నుంచి యూఏ 16+ దాకా ఒకటే మైదానం, అక్కణ్ణుంచి ఏకి వెళ్లాలంటే మధ్యలో గోడ. నిర్మాతల బేరాలు, ఎడిటింగ్ రూములో కోతలు, కోర్టు కేసులు అన్నీ ఆ గోడ దగ్గరే జరుగుతాయి. 7+కీ 13+కీ మధ్య గొడవపడే నిర్మాత అరుదు. 16+ రావాలా, ఏ తప్పదా అన్న దగ్గర మాత్రం రాత్రిళ్లు నిద్రుండదు.

నిర్మాత వైపు నుంచి: పని ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది

దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లో, ఈ-సినీప్రమాణ్ పోర్టల్లో పెట్టాలి. బోర్డుకి ముంబైలో ప్రధాన కార్యాలయం, హైదరాబాద్‌తో కలిపి తొమ్మిది ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. తెలుగు సినిమాలు ఎక్కువగా హైదరాబాద్ కార్యాలయానికే వెళ్తాయి. ఫీజు సినిమా నిడివిని బట్టి ఉంటుంది. దరఖాస్తుతో పాటు కథాసారాంశం, నటీనటుల, సాంకేతిక నిపుణుల జాబితా, పాటల సాహిత్యం, పూర్తి డైలాగులతో సెన్సార్ స్క్రిప్ట్, టైటిల్ రిజిస్ట్రేషన్ కాగితం కావాలి. సినిమాలో జంతువులుంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కూడా ఉండాలి. ఎద్దుల బండి, కోడిపందెం, గుర్రం మీద హీరో ఎంట్రీ ఉన్న సినిమాలకి ఈ చివరి కాగితమే ఎక్కువసార్లు ఆలస్యం చేస్తుంది. షూటింగ్‌కి ముందే అడగాల్సిన అనుమతిని విడుదల వారంలో వెతుక్కుంటే దొరకదు మరి.

రెండో అడ్డంకి సెన్సార్ స్క్రిప్ట్. షూటింగ్ స్క్రిప్టుకి అట్ట మార్చి పెట్టేస్తే కుదరదు. తెర మీద వినిపించే ప్రతి మాటా అందులో ఉన్నట్టే ఉండాలి. డబ్బింగ్‌లో రచయిత మార్చిన డైలాగు, హీరో అక్కడికక్కడే కలిపిన పంచ్, ఐటమ్ సాంగ్‌లో మార్చిన లైను, ఇవన్నీ ఫైనల్ మిక్స్ విని టైప్ చేయించుకోవాలి. ఒక అసిస్టెంట్ డైరెక్టర్‌ని రెండ్రోజులు ఇదే పని మీద కూర్చోబెట్టే సంస్థలకి ఇబ్బంది రాదు.

మూడోది, సినిమా పూర్తయి ఉండాలి. నేపథ్య సంగీతం, సౌండ్ ఎఫెక్ట్స్ సహా తుది రూపంలోనే కమిటీకి చూపించాలని నిబంధన. సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) షాట్ ఇంకా రాలేదు, మొదటి రీల్లో ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) తాత్కాలికం అంటే ఒప్పుకోరు. ఒప్పించి చూపించినా తర్వాత మార్చిన ప్రతి షాటూ మళ్లీ బోర్డుకి తెలియజేసి సర్టిఫికెట్ మీద రాయించుకోవాలి. విడుదలయ్యాక ల్యాగ్ ఉందని ఇరవై నిమిషాలు ట్రిమ్ చేసినా అంతే, కొత్త సీన్లు కలిపినా అంతే. ‘పుష్ప 2’కి 2025 జనవరిలో 20 నిమిషాలు కలిపి రీలోడెడ్ వెర్షన్ వేశారు. అలాంటి కలుపుకి కూడా సెన్సార్ తప్పదు.

కాగితాలు సరిపోతే ఎగ్జామినింగ్ కమిటీ సినిమా చూస్తుంది. బోర్డు అధికారి ఒకరు, సలహా ప్యానెల్ నుంచి సభ్యులు ఉంటారు, ఆడవాళ్లు కచ్చితంగా ఉంటారు. చూశాక ఒక్కొక్కరూ విడిగా రిపోర్టు రాస్తారు. ఎలాంటి సర్టిఫికెట్ ఇవ్వాలి, ఏమేం తీసేయాలి, ఎందుకు అన్నది అందులో ఉంటుంది. తర్వాత నిర్మాతని పిలిచి చెబుతారు. ఒప్పుకుంటే కట్స్ చేసి, చేసినట్టు రుజువు చూపించి సర్టిఫికెట్ తీసుకోవడమే. ఒప్పుకోకపోతే సినిమాని మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ. అక్కడా కుదరకపోతే హైకోర్టు. ఈ రెండింటికీ మధ్య అప్పీలు ట్రిబ్యునల్ ఒకటి ఉండేది, 2021 ఏప్రిల్లో దాన్ని రద్దు చేశారు. చిన్న నిర్మాతకి బాగా దెబ్బ తగిలింది ఇక్కడే. ట్రిబ్యునల్లో సినిమా చూసి కొద్దిరోజుల్లో తేల్చేవాళ్లు. హైకోర్టంటే లాయరు ఫీజు, వాయిదాలు, విడుదల తేదీ అన్నీ గాల్లో ఉంటాయి.

ఒక పక్కమాట. సినిమా సెన్సారైన సాయంత్రమే ‘సెన్సార్ సభ్యులు కన్నీళ్లు పెట్టుకున్నారు’, ‘లేచి నిలబడి చప్పట్లు కొట్టారు’ అని వాట్సాప్‌లో, వెబ్‌సైట్లలో సెన్సార్ టాక్ తిరుగుతుంది. కమిటీ చర్చ గోప్యం. ఆ టాక్ రాసేది పీఆర్ టీమ్. సభ్యులు ఏడ్చారన్న సినిమాల్లో ఎన్నింటికి ప్రేక్షకులు ఏడ్చారో, ఎందుకు ఏడ్చారో అందరికీ తెలిసిందే.

సేవ వేగం సంగతి: కొత్త నిబంధనల్లో గడువు తగ్గించారు, తొందరున్నవాళ్లకి అదనపు ఫీజు మీద ముందు చూసే వీలు పెట్టారు. ఇది అవసరమైన మార్పే. 2023లో నటుడు విశాల్ తన సినిమా హిందీ వెర్షన్ కోసం ముంబైలో లంచం అడిగారని బయటపెట్టాడు, సీబీఐ కేసు నమోదు చేసింది. అర్జెంటు అన్న మాటకి అధికారికంగా ఒక రేటు లేకపోతే అనధికారికంగా రేటు పుడుతుంది.

అయినా తెలుగు నిర్మాత అసలు సమస్య తీరలేదు, ఎందుకంటే అది బోర్డు సమస్య కాదు, క్యాలెండర్ సమస్య. శుక్రవారం విడుదలైతే అమెరికాలో గురువారమే ప్రీమియర్లు పడతాయి. ఫైనల్ మిక్స్ ఆదివారం రాత్రి అవుతుంది, కమిటీ షో సోమ, మంగళవారాల్లో, చేతికి సర్టిఫికెట్ బుధవారం, ఆ రాత్రే థియేటర్లకి సినిమా చేరవేసే క్యూబ్‌కి, యూఎఫ్ఓకి కంటెంట్. ఈ వరసలో రివైజింగ్ కమిటీకి చోటేదీ? కమిటీ ఏడు కట్స్ చెబితే ఏడూ ఒప్పుకోవాలి, ‘ఏ’ ఇస్తామంటే ‘ఏ’ తీసుకోవాలి. కనీసం మూడు వారాల ముందు సినిమా చూపించగలిగిన నిర్మాతకే వాదించే శక్తి ఉంటుంది. తెలుగులో పెద్ద సినిమాల్లో అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఎడిటింగ్ రూములో 22 ఫ్రేములు

ఏ నుంచి యూఏ 16+కి దిగాలంటే నిజంగా ఏం చేస్తారో చూద్దాం. తల తెగే షాట్ ఒకటి ఉందనుకోండి, నిడివి రెండు సెకన్లు. సెకనుకి 24 చొప్పున 48 ఫ్రేములు. కత్తి లేవడానికి 20, మెడకి తగలడానికి 6, తల వేరై పడడానికి 22. కమిటీ అభ్యంతరం ఆ చివరి 22 మీద ఉంటుంది. వాటిని కోసేసి పక్కకి పెడితే చాలనిపిస్తుంది గానీ, ఆ 22 ఫ్రేములు పోగానే తర్వాతున్న పాట, డైలాగు, ఆర్‌ఆర్, అట్మాస్ సౌండ్ ట్రాకులు అన్నీ దాదాపు ఒక సెకను ముందుకి జరుగుతాయి. సబ్‌టైటిల్ ఫైలు టైమింగ్ పోతుంది. తమిళం, హిందీ, కన్నడం, మలయాళం వెర్షన్లుంటే నాలుగింటిలోనూ ఇదే పని.

అందుకే అనుభవం ఉన్న ఎడిటర్ కోయడు, మారుస్తాడు. ఆ 22 ఫ్రేముల చోట సరిగ్గా 22 ఫ్రేముల వేరే షాట్ పెడతాడు. పక్కనున్నవాడి మొహం మీద పడిన తుంపర, నేల మీద జారిన చెప్పు, ఏదో ఒకటి. నిడివి మారదు, సౌండ్ కదలదు. ముందుచూపున్న దర్శకులు ఇలాంటి రియాక్షన్ షాట్లు షూటింగ్ రోజే తీసి ఉంచుకుంటారు. తీయనివాళ్లకి మిగిలేది బ్లర్, లేదా రంగులు సరిచేసే డీఐలో రక్తం రంగు నల్లబరచడం. థియేటర్లో ఎర్రగా ఉండాల్సింది మట్టి రంగులో కనిపించిందంటే అది ఫొటోగ్రఫీ లోపం కాకపోవచ్చు.

మ్యూట్‌ల సంగతి ఇంకా మోటుగా ఉంటుంది. బూతు మాట తీయాలంటే డైలాగ్ ట్రాక్ విడిగా ఉండాలి. సమయం లేక మొత్తం కలిపిన మిక్స్ మీదే మ్యూట్ కొడితే ఆ అరసెకను సంగీతం కూడా మాయమవుతుంది. పెద్ద ఫైటు మధ్యలో చెవికి గుంట తగిలినట్టు అనిపించేది అందుకే. పెదాలు మాత్రం అలాగే కదులుతాయి. మాట వినపడకపోయినా హాలంతా కలిసి పూర్తి చేస్తుంది. పిల్లాడికి తెలియకూడదని తీసిన మాటని పక్క సీట్లో అంకుల్ నేర్పిస్తాడన్నమాట.

ఇవన్నీ అయ్యాక మిగిలే ప్రశ్న: 22 ఫ్రేములు పోతే సినిమా పదహారేళ్లవాడికి తగినదవుతుందా? బోర్డు మార్గదర్శకాలే సినిమాని మొత్తంగా, దాని ప్రభావాన్ని బట్టి చూడమంటాయి. ఆచరణలో బేరం సెకన్ల మీదా మాటల మీదా నడుస్తుంది. రెండున్నర గంటలు నరకడమే పనిగా పెట్టుకున్న కథ నాలుగు షాట్లు తగ్గించుకుని మెట్టు దిగుతుంది. ఒక్క చావుని నిజాయితీగా, నొప్పి తెలిసేలా చూపించిన సినిమా ఆ ఒక్క సీను వదులుకోలేక ఏ దగ్గర ఆగిపోతుంది. ఈ సేవ మీద మా ప్రధాన ఫిర్యాదు ఇదే.

ఏ వస్తే డబ్బు ఎంత పోతుంది

ట్రేడ్‌లో పాత నమ్మకం ఒకటుంది, ఏ వస్తే ఫ్యామిలీ ఆడియన్స్ పోయినట్టే అని. సగం నిజం. 2017లో ‘అర్జున్ రెడ్డి’ ఏ తోనే వచ్చి కొత్త హీరోని స్టార్‌ని చేసింది. 2023 డిసెంబరులో ‘యానిమల్’, ‘సలార్’ రెండూ ‘ఏ’ సినిమాలే, రెండూ వసూళ్లలో వెనకబడలేదు. 2025లో నాని ‘హిట్ 3’, పవన్ కల్యాణ్ ‘ఓజీ’ కూడా ఏ సర్టిఫికెట్‌తోనే వచ్చాయి. అంటే మొదటి వీకెండ్‌కి ‘ఏ’ పెద్ద దెబ్బ కాదు. ఆ మూడ్రోజులు థియేటర్ నింపేది కుర్రాళ్లు.

దెబ్బ రెండో వారంలో తగులుతుంది. నలుగురున్న కుటుంబంలో చిన్నవాణ్ణి గేటు దగ్గర ఆపితే ఒక టికెట్ పోదు, నాలుగూ పోతాయి. పండక్కి, వేసవి సెలవులకి ప్లాన్ చేసిన సినిమాకి ఇది అసలు లెక్క. స్టార్‌కి పిల్లల్లో అభిమానులు ఎక్కువైతే ఇంకా గట్టిగా తగులుతుంది. రజనీకాంత్ ‘కూలీ’ 2025 ఆగస్టు 14న ఏ తో విడుదలైంది. నిర్మాతలు మద్రాసు హైకోర్టుకెళ్లి, ఇంతకంటే తక్కువేం కాని హింస ఉన్న సినిమాలకి యూఏ ఇచ్చారు కదా అని వాదించారు. కోర్టు ఆ నెలాఖర్లోనే పిటిషన్ కొట్టేసింది. గెలిచి ఉన్నా మొదటి రెండు వారాలు తిరిగి వచ్చేవి కావు. విడుదల తర్వాత వేసే కేసు పరువు కోసం పనికొస్తుందేమో గానీ కలెక్షన్ల కోసం కాదు.

నిర్మాతలు బయటికి తక్కువగా మాట్లాడే దెబ్బ శాటిలైట్, అంటే టీవీ హక్కులు. ‘ఏ’ సినిమాని టీవీలో వేయకూడదు. వేయాలంటే మళ్లీ కోసి, మళ్లీ దరఖాస్తు పెట్టి యూఏ వర్గానికి మార్పించుకోవాలి. 2023 సవరణ దీన్ని చట్టంలోనే రాసింది. కోయడానికి వీల్లేకుండా సినిమా ఉంటే ఆ దారీ మూసుకుంటుంది. తెలుగులోకి కూడా డబ్ అయిన మలయాళ ‘మార్కో’కి 2025లో ఇదే జరిగింది, టీవీ కోసం అడిగిన మార్పుని బోర్డు నిరాకరించింది. కాబట్టి కథ ఓకే చేసే రోజే నిర్మాత వేసుకోవాల్సిన లెక్క ఏమిటంటే, శాటిలైట్ రేటు మీద బడ్జెట్ నిలబడి ఉందా లేదా? నిలబడి ఉంటే టీవీ వెర్షన్‌కి కావాల్సిన మెత్తని షాట్లు షూటింగ్ షెడ్యూల్లోనే రాసుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లు పన్నెండు నిమిషాలు ఎగిరిపోయి కథ అర్థంకాని ఆదివారం మధ్యాహ్నం సినిమా మిగుల్చుకుంటారు.

ప్రేక్షకుడి వైపు నుంచి: అంకె ఉంది, కారణం లేదు

యూఏ 13+ అని ఉంది. ఎందుకు 13? రక్తమా, దెయ్యమా, ముద్దులా, ఆత్మహత్య సీనా, మత్తుపదార్థాలా? సర్టిఫికెట్ చెప్పదు, టికెట్ యాప్ చెప్పదు. దెయ్యాలకి జడిసే పిల్లాడూ, ఫైట్లు చూసి నవ్వేసి హాస్పిటల్ సీనుకి ఏడ్చే పాపా ఒకటి కాదు. తల్లిదండ్రులు నిర్ణయించుకోవాలని సలహా ఇచ్చే సేవ, నిర్ణయానికి కావాల్సిన సమాచారం ఇవ్వకపోవడం దీని అతి పెద్ద లోపం. బ్రిటన్ బోర్డు ప్రతి సినిమాకీ వయసు పక్కనే కారణం ఒక లైనులో రాస్తుంది. మన దగ్గర ఓటీటీలకి కూడా 2021 ఐటీ నిబంధనలు ఆ పని తప్పనిసరి చేశాయి. అదే సినిమా నాలుగు వారాల తర్వాత ఫోన్లో ‘హింస, బూతులు’ అని లేబుల్‌తో వస్తుంది, థియేటర్లో ఉన్నప్పుడు మాత్రం అంకె ఒక్కటే. ఇంట్లో ఆపేసే వీలున్నచోట హెచ్చరిక ఉంది, డబ్బులు కట్టి మధ్య వరసలో ఇరుక్కున్నచోట లేదు.

ట్రైలర్ చూసి అంచనా వేసుకుందామంటే అదీ కుదరదు. థియేటర్లో వేసే ట్రైలర్‌కి విడిగా సర్టిఫికెట్ ఉంటుంది, కాబట్టి అందులో మెత్తని ముక్కలే ఉంటాయి. సినిమా మొదట్లో పది సెకన్లు తెర మీద ఉండే సర్టిఫికెట్ చదివితే వర్గం, భాష, నిడివి, తేదీ తెలుస్తాయి. అప్పటికి పాప్‌కార్న్ కూడా కొనేశాం.

గేటు దగ్గర పరిస్థితి ఊరిని బట్టి మారుతుంది. మల్టీప్లెక్సుల్లో ‘ఏ’ సినిమాకి గుర్తింపు కార్డు అడుగుతారు, కాలేజీ కుర్రాడైనా ఆధార్ చూపించాలి. జిల్లాల్లో సింగిల్ స్క్రీన్లలో, ముఖ్యంగా బెనిఫిట్ షోలకి, చంకలో పిల్లాడితో వచ్చినా అడిగేవాడు తక్కువ. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు ‘పద్దెనిమిది నిండినవారికే’ అని వచ్చే పెట్టె మీద నొక్కి ముందుకెళ్లాక, గేటు దగ్గర ఆపేస్తే డబ్బులు వెనక్కి రావు. ఆ పెట్టెని నొక్కేముందు చదవండి.

వేళల గురించి కూడా కొంత అయోమయం ఉంది. 2024 డిసెంబరులో హైదరాబాద్ సంధ్య థియేటర్ తొక్కిసలాట తర్వాత, 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్లలోపు పిల్లల్ని ఉదయం 11 లోపు, రాత్రి 11 తర్వాత షోలకి రానివ్వొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కొద్దివారాలకే దాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పటికీ ఆ మొదటి ఉత్తర్వే ఫార్వర్డ్ అవుతూ ఉంటుంది. అది పిల్లల నిద్ర, భద్రత సంగతి. సెన్సార్ వయసుతో దానికి సంబంధం లేదు.

ఇంట్లో చేయాల్సిన పని మాత్రం మన చేతిలోనే ఉంది, చేసేవాళ్లే తక్కువ. యూఏ 13+, అంతకు పైన ఉన్నవాటికి ఓటీటీలు లాక్ సదుపాయం ఇవ్వాలన్నది నిబంధన. నెట్‌ఫ్లిక్స్‌లో అకౌంట్ సెట్టింగుల్లోకి వెళ్లి పిల్లల ప్రొఫైల్ తెరిచి వయసు పరిమితి పెట్టాలి. అంతటితో ఆగితే లాభం లేదు, పెద్దవాళ్ల ప్రొఫైల్‌కి నాలుగంకెల పిన్ పెట్టకపోతే పిల్లాడు రిమోట్‌తో నాన్న పేరు మీద నొక్కుతాడు, అంతే. ప్రైమ్ వీడియోలో పిన్ పెట్టాక ఆ పరిమితి ఏయే పరికరాలకి వర్తించాలో విడిగా ఎంచుకోవాలి. ఫోన్లో పెట్టి, టీవీలో పెట్టడం మర్చిపోవడం మామూలుగా జరిగేది. బండి నంబర్, పుట్టినరోజు పిన్‌గా పెట్టడం ఎందుకు వద్దో చెప్పక్కర్లేదు.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి

బ్రిటన్‌లో ఉండే తెలుగు కుటుంబాలు ఇండియా సర్టిఫికెట్ చూసి టికెట్ కొంటే గేటు దగ్గర ఇబ్బంది పడతారు. అక్కడ 12ఏ అయితే పన్నెండేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్ల తోడుంటే వెళ్లొచ్చు. 15 పడిందంటే మాత్రం పద్నాలుగేళ్లవాణ్ణి అమ్మానాన్న ఇద్దరూ వెంట ఉన్నా రానివ్వరు. మన యూఏ యాక్షన్ సినిమాలకి అక్కడ 15 పడడం మామూలే. ఇక్కడ సలహాగా ఉన్నది అక్కడ గోడ అవుతుంది. అమెరికాలో రేటింగ్ స్వచ్ఛందం, తెలుగు సినిమాలు చాలావరకు రేటింగ్ లేకుండానే ఆడతాయి. పిల్లల విషయంలో ఏ థియేటర్ గొలుసు నియమం దానిదే, కాబట్టి ప్రీమియర్‌కి ముందు ఆ థియేటర్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

పాత సినిమా, పాత గుర్తు

చివరగా రీరిలీజ్‌ల గురించి, ఎందుకంటే పిల్లలకి మన హీరోని చూపిద్దామని అందరూ వెళ్లేది వీటికే. ఇప్పుడు సర్టిఫికెట్‌కి గడువు లేదు. చట్టంలో ఉన్న పదేళ్ల పరిమితిని 2023లో తీసేశారు, కాబట్టి మార్పుల్లేకుండా వేస్తే పాత గుర్తుతోనే ఆడుతుంది. 1983 జూన్‌కి ముందు సెన్సారైన సినిమాకి యూఏ అన్నదే లేదు, యూ కాకపోతే ఏ. ఏ ఇవ్వనక్కర్లేదనుకున్నవన్నీ యూలో పడ్డాయి. 1983 నుంచి 2024 దాకా వచ్చిన యూఏకి గీత పన్నెండేళ్ల దగ్గర, ఇప్పటి 16+ స్థాయి హింస కూడా అందులోనే కలిసిపోయి ఉంటుంది. అప్పట్లో యూ సినిమాల్లోనూ మానభంగం సీన్లు, హీరో చెల్లెలు నూతిలో దూకడాలు చాలా ఉండేవి. 4కే ప్రింట్‌లో అవి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. టికెట్ కొనేముందు ఆ సినిమా అప్పట్లో చూసిన పిన్నికో మావయ్యకో ఫోన్ చేసి అడగండి. ఇంటర్వెల్‌కి ముందు ఏముందో వాళ్లకి కచ్చితంగా గుర్తుంటుంది.